‘బ్రైట్’ అను మాట – మన ‘తెలివి’

బడిలో చక్కగా చదువు పిల్లవానిని ఉపాధ్యాయులు ‘బ్రైట్’ అందురు. ఆ మాట చెవిని బడినంతనే తల్లిదండ్రుల ముఖములు వికసించును. మన నాందేడులో మరాఠీ ఇరుగుపొరుగువారు అట్టి పిల్లవానినే ‘హుషార్’ అందురు. ఈ రెండు మాటలును మన యిండ్లలో చేరి చాల కాలమైనది. కాని వీని పుట్టుపూర్వోత్తరములను విచారించినవారు తక్కువ. ఆ విచారణ వలన మన భాషను గూర్చి ఒక సంగతి తెలియవచ్చును గనుక ఇచట కొంత వివరింపదలచితిమి.

ఇంగ్లీషున ‘బ్రైట్’ అనగా మొదట కాంతిగలది అనియే అర్థము. బుద్ధిని గూర్చి వాడుట తరువాత వచ్చినది. వేయి సంవత్సరముల క్రిందట ఈ మాట ‘బెయొర్హ్‌ట్’ అని యుండెడిది. కాలక్రమమున అందలి రకారము ముందునకు జరిగినది. అక్షరధ్వనులు ఇట్లు చోటు మార్చుకొనుటను వర్ణవ్యత్యయమందురు. తమిళుల ‘ఉరల్’ మనకు ‘రోలు’ అయినదియు నిట్టి మార్పుచేతనే. నేడు ఇంగ్లీషు వ్రాతలో పలుకక నిలిచియున్న ‘జి, హెచ్’ అను రెండక్షరములు, ఒకప్పుడు గొంతునుండి వెలువడిన హకారమునకు గుర్తులు. రాబర్టు, ఆల్బర్టు అను పేర్ల చివర నున్నదియు నీ మాటయే. రాబర్టు అనగా కీర్తిచే వెలుగువాడని యర్థము.

1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి వచ్చియుండునని ప్రకటించెను. ఆ మార్గమున సాగిన పండితులు ‘బ్రైట్’ను సంస్కృతమందలి ‘భ్రాజ్’ ధాతువుతో కలిపిరి. మన కావ్యములలోని ‘భ్రాజిల్లు’ ఆ ధాతువునుండి వచ్చినదే. తెల్లని బెరడుగల ‘బర్చ్’ చెట్టు పేరును, మన పూర్వులు వ్రాతకు వాడిన భూర్జపత్రము పేరును ఈ కుటుంబములోనివే యని వారి మతము. తెలుపు, కాంతి, బుద్ధి – ఆ మాట నడచిన త్రోవ ఇది.

‘హుషార్’ పారసీకమునుండి వచ్చినది. ‘హోష్’ అనగా స్పృహ, ఎరుక. నిజాము ప్రభుత్వమున కచేరీల భాష పారసీకమును, పిదప ఉర్దూయు నగుటచే ఇట్టి మాటలు ఈ సీమలోని అన్ని భాషలయందును పాతుకొనినవి. తెలంగాణమునందును ‘హుషారు పిల్లగాడు’ అనుట కలదు. అది పరాయి మాట యని తోసివేయవలసిన పనిలేదు.

ఇక మన మాట యేది? ‘తెలివి’. దీని మూలము ‘తెలి’. తెలి యనగా తెల్లనిది, నిర్మలమైనది. తెలుపు, తేట, తెల్లవారుట, తెలియుట, తెలివి – ఇవియన్నియు నొక్క వేరునుండి మొలచినవే. తమిళమున ‘తెళివు’, కన్నడమున ‘తిళివు’ దీనికి తోబుట్టువులు. ఈ భాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, తమలో తామొక కుటుంబమనియు 1816లో మద్రాసున ఎల్లిసు దొర తెలుగు వ్యాకరణపు పీఠికలోనే నిరూపించెను. 1856లో దానిని విస్తరించి గ్రంథము వ్రాసిన కాల్డ్వెల్ పేరు కూడ రాబర్టే యగుట యొక వింత.

చూడుడు! వేరువేరు రెండు భాషాకుటుంబములు ఒకే త్రోవను నడచినవి. ఆంగ్లేయుడు తెలుపునుండి కాంతికిని, కాంతినుండి బుద్ధికిని వచ్చెను. తెలుగువాడు తెలినుండి తెల్లవారుటకును, తెలివికిని వచ్చెను. చీకటి తొలగి ఊరు కనబడుటయు, సందేహము తొలగి విషయము బోధపడుటయు మన పూర్వులకు ఒక్క మాటయే. ‘బ్రైట్’లో ఎంత యందమున్నదో ‘తెలివి’లో నంత యందమున్నది.

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు, అంతవరకు నాందేడు జిల్లాలో నుండిన ముధోలు తాలూకా, చదువులతల్లి కొలువైన బాసరతో సహా, ఆదిలాబాదు జిల్లాకు పోయినది. ఆదిలాబాదునుండి కిన్వట్టు మనకు వచ్చినది. 1960 మే 1న మహారాష్ట్రము ఏర్పడినది. ఎల్లలు ప్రభుత్వములు గీచునవి. వానిపై మనకు అధికారము లేదు. ఇంటిలోని మాటపై మాత్రము మనకే అధికారము. మేము గుమాస్తాగా పనిచేసిన దినములలో కాగితములన్నియు మరాఠీలోనే నడచెడివి. అది న్యాయమే. ఈ నేలపై బ్రతుకువారు ఈ నేల భాష నేర్వవలసినదే. కాని ‘బ్రైట్’ను ఇంగ్లీషు బడి నేర్పును, ‘హుషార్’ను వీధి నేర్పును. ‘తెలివి’ని మన పిల్లలకు ఇల్లు తప్ప నేర్పువారు ఇచట తక్కువ. మనము పలుకుట మానినచో పోవునది ఒక్క మాట కాదు. తెల్లవారుటకును తెలియుటకును గల చుట్టరికమే వారికి తెగిపోవును.

కావున పిల్లవాడు మంచి మార్కులతో ఇంటికి వచ్చిన దినమున, బడివారు ‘బ్రైట్’ అన్నను, పొరుగువారు ‘హుషార్’ అన్నను సంతోషింపుడు. పిమ్మట, “మా నాయనే, ఎంత తెలివిగలవాడవురా!” అని మీరును ఒక్కమారు అనుడు.