చెన్ శైలి తైచీ: పుట్టుక, పాయలు

చైనాలోని హెనాన్ రాష్ట్రంలో, వెన్ కౌంటీలో ఉన్న చెన్‌జియాగౌ చెన్ వంశస్థుల పల్లె. చెన్, యాంగ్, సున్, వూ పేరున్న రెండు శైలులు కలిపి ఐదు ప్రధాన తైచీ శైలుల గురుపరంపరలూ ఈ వంశానికే చేరతాయి. ఆ వంశంలో ఈ విద్య ఎలా మొదలైందన్నదే చిక్కు ప్రశ్న.

తావో సాధువు జాంగ్ సాన్‌ఫెంగ్ తైచీని సృష్టించాడన్నది ప్రసిద్ధ గాథ. ఆయన పేరును ముష్టివిద్యతో ముడిపెట్టిన పాత రచన, 1669లో హువాంగ్ జోంగ్‌షీ రాసిన సమాధి లేఖనం. అందులో తైచీ ఊసే లేదు. అందువల్ల ఈ గాథను చరిత్రగా తీసుకోలేం.

1930ల తొలినాళ్లలో చరిత్రకారుడు తాంగ్ హావ్ ఆ పల్లెకు వెళ్లి ఆధారాలు సేకరించాడు. 17వ శతాబ్దికి చెందిన తొమ్మిదో తరం యోధుడు చెన్ వాంగ్‌తింగ్ మూలపురుషుడని తేల్చాడు. ఆయన చూపిన ఆధారాల్లో వంశావళి ఒకటి. అది వాంగ్‌తింగ్‌ను చెన్ ముష్టివిద్యకు ఆద్యుడంటుంది, తైచీ పేరెత్తదు. మరొకటి మింగ్ సేనాని చీ జిగ్వాంగ్ 16వ శతాబ్దిలో రాసిన సైనిక గ్రంథం. అందులోని 32 భంగిమల్లో 29 చెన్ సాధనలో ఉన్నాయని తాంగ్ హావ్ లెక్కగట్టాడు. పోలిక బలమైనదే. అయితే చీ జిగ్వాంగ్ సైతం అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతుల నుంచి ఏరి కూర్చాడు. కనుక ఈ పోలిక ఉమ్మడి మూలాన్ని సూచిస్తుంది. చెన్ శైలిలో పట్టుదారం తీసినట్టు సాగే మెలికల కదలికను ఎవరు రూపొందించారో దీన్నిబట్టి తేలదు.

పాయల విషయంలో ఆధారాలు మరింత గట్టివి. 14వ తరానికి చెందిన చెన్ చాంగ్‌షింగ్ (1771–1853) యాంగ్ లూచాన్‌కు నేర్పాడు. యాంగ్ శైలి అలా మొదలైంది. అదే తరంలోని చెన్ యోబెన్ పేరిట మరో పాయ సాగింది. చాంగ్‌షింగ్ మునిమనవడు చెన్ ఫాకే 1928లో బీజింగ్ చేరి అక్కడ నేర్పాడు. ఆయన కొడుకు చెన్ జావ్‌క్వే 1970లలో పల్లెకు వచ్చి నేర్పినప్పుడు, మెలికలు ఎక్కువగా ఉన్న ఆ సాధనకు షిన్‌జియా (కొత్త పద్ధతి) అన్న పేరు స్థిరపడింది. ఊళ్లో అప్పటికే ఉన్నది లావ్‌జియా (పాత పద్ధతి) అయింది. యోబెన్ పాయను కూడా ఒకప్పుడు షిన్‌జియా అనేవారు. కాబట్టి పేరు చూసి ఏది ప్రాచీనమో నిర్ణయించడం సరికాదు.

తైచీ గురుపరంపరలో మనం నమ్మకంగా చేరగల తొలి మజిలీ చెన్‌జియాగౌ. ఒకే సృష్టికర్త ఉన్నాడన్న వాదనకు అంతటి బలం లేదు. తరతరాలు చెమటోడ్చి నిలిపిన విద్య ఇది. ఆ శ్రమనంతా ఒక్కరి ఖాతాలో వేయకుండా, ఏ తరం ఏం చేర్చిందో ఓపికగా నమోదు చేయడమే న్యాయం.