మెట్టసీమకు తెరచాప ముచ్చట

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల శ్రోతలకు తెరచాప పడవలను గూర్చి చెప్పబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. మదనపల్లె సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ సీమలో చెరువు నిండిన ఏడే పండుగ. అయినను నీటికి తన దారి తెలియును. మదనపల్లె బాహుదానది నీరు చెయ్యేటి ద్వారా పెన్నలో కలిసి, నెల్లూరు తీరమున సముద్రము చేరును. నంది కొండలలో పుట్టిన పాలారు కుప్పం ప్రాంతమును దాటి, చెన్నపట్నమునకు దక్షిణమున సాగరమున కలియును. కడలి చేరుటకు ముందు ఈ రెండు దారులకును అడ్డుగా వచ్చునది ఒకటే కాలువ. అదియే బకింగ్‌హాం కాలువ.

తెలుగువారికి తెరచాప నిన్న మొన్నటిది కాదు. క్రీస్తు శకము 2వ శతాబ్దిలోనే శాతవాహనుల నాణెములపై రెండు స్తంభముల ఓడ కనిపించును. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు ఓడ చెడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన, అందలి సరకంతయు పూర్వపు రాజులు హరించెడివారు. ఇకమీదట సుంకము మాత్రమే గైకొందుమని ఆయన వర్తకులకు మాట ఇచ్చెను. పిమ్మట గోదావరి ముఖమున కోరంగి రేవు ఎంత ప్రసిద్ధి కెక్కెననగా, బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరే స్థిరపడినది. 1839 నాటి తుపాను ఆ రేవును ధ్వంసము చేసినది.

సముద్రపు ఓడ ఘనమైనది. మనసును చూరగొనునది మాత్రము చిన్న పడవయే. టేకు పలకలు కూర్చి, సందులలో నార క్రుక్కి, గుగ్గిలమును నూనెతో కాచి పూసెడివారు. గాలి అనుకూలించిన తెరచాప. గాలి పడిపోయిన గెడ. గెడకును లొంగకున్న, గట్టు వెంట నడచుచు తాటితో లాగుట. ఇంతే దాని యంత్రాంగము. గూటి పడవలో వంట, నిద్ర, ముచ్చట అన్నియు జరిగెడివి. చెడిన భాగమును సరంగు తన చేతితో బాగు చేసికొనగలడు. ఉప్పు, వంటచెరకు, ధాన్యము ఈ పడవలపైననే చెన్నపట్నము చేరెడివి.

ఆ కాలువ మొదటి భాగము 1806లో చెన్నపట్నము నుండి ఎన్నూరు వరకు వెలసినది. తుదకు అది ఉత్తరమున పెదగంజాము నుండి దక్షిణమున మరక్కాణము వరకు, ఇంచుమించు 420 కిలోమీటర్లు సాగినది. నగరములో అడయారు, కూవం నదులను కలుపు 8 కిలోమీటర్ల తుంట 1877-78లో త్రవ్వబడినది. అది ధాతకరువు కాలము. మదనపల్లె నాడు కడప జిల్లాలోనిది. పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటులోనివి. ఆ రెండు జిల్లాలును కరువు వాతబడినవే. 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ సలహాపై కరువు పనులలో మగవానికి దినకూలి ఒక పౌను ధాన్యము, ఒక అణాగా కుదించిరి. పౌననగా 450 గ్రాములు. ఆ తిండితో పగలెల్ల మన్ను మోయవలెను! కాలువకు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టిరి. త్రవ్విన వారి పేర్లు ఏ రాతిపైనను లేవు.

1899లో గూడూరు, బెజవాడల నడుమ రైలు నడచినది. తరువాత లారీలు వచ్చినవి. తుపానులు గట్లు తెంచినవి; పూడిక పేరుకొన్నది. 2008లో ఈ కాలువను 4వ జాతీయ జలమార్గములో చేర్చిరి గాని, తెరచాపలు మరల రాలేదు.

అయినను ఆ ఆకర్షణ నశించలేదు. జాషువా స్లోకమ్ అను నావికుడు శిథిలమైన కొయ్య పడవను స్వహస్తములతో పునర్నిర్మించి, 1895 మొదలు 1898 వరకు ఒంటరిగా భూమిని చుట్టివచ్చెను. దాని పొడవు 11 మీటర్లకు కొంచెమే హెచ్చు. మన కాలమున, 2017-18లో, ఆరుగురు భారత నౌకాదళ వనితలు తారిణి యను తెరచాప నావపై భూప్రదక్షిణ గావించిరి. వారిలో పాతర్లపల్లి స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులు. ఆ నావ కేవలము కొయ్యది కాదు, కొయ్యయు ఫైబర్ గ్లాసును కలిసినది. కాని గాలిని నమ్ముకొను విద్య పాతదే.

చిన్న పడవ మనిషి కొలతకు తగినది. అందువలననే అది మనకు ప్రియము. ఐతే మన కాలువపై సాగిన తెరచాప అందము వెనుక గాలి ఒక్కటే లేదని మేము మనవి చేయుచున్నాము. దాని క్రింద నీరున్నది. ఆ నీటికి దారి చేసిన ఆకలిగొన్న చేతులున్నవి. తీరము వారు పడవను తలచుకొనునప్పుడు మెట్టసీమ కరువును గూడ తలచుకొనుట న్యాయము.