నూనె అనగా నువ్వులనూనెయే

ఉగాదినాడు తెల్లవారకముందే పిల్లల మాడుకు నువ్వులనూనె పెట్టి, నలుగుపెట్టి, తలంటి నీళ్లు పోయుట మన ఇండ్లలో తరతరాల ఆచారము. అదే దినమున గుఢీపాడ్వా జరుపుకొను మన మరాఠీ ఇరుగుపొరుగువారికిని అభ్యంగన స్నానము కలదు. ఏటపల్లిలో ఇరువురి నడుమ కాపురముండు మనము ఈ నూనె కథను తెలిసికొనుట బాగుండును.

ముందు మాట సంగతి చూతము. పాత తెలుగున నువ్వులకు నూవులు, నూలు అని పేర్లు. నూవుల నెయ్యియే నూనె అయినది. సంస్కృతమున తిలల నుండి తైలము పుట్టినది. మరాఠీవారి తేల్ ఆ తైలమే. అరవమున ఎళ్ అనగా నువ్వు. దాని నెయ్యి ఎణ్ణెయ్. కాలక్రమమున ఆ పేరు అన్ని నూనెలకును చెల్లినది. మంచినూనె అన్నను మొదట నువ్వులదే. నేడు అనేక ఇండ్లలో ఆ మాటకు పల్లీనూనె అని అర్థము.

హరప్పా త్రవ్వకములలో మాడిన నువ్వులు దొరికినవి; వాటి వయస్సు 4,000 ఏండ్లకు పైమాట. మన సిరొంచ సీమ 1860లో నిజాము నుండి ఆంగ్లేయులకు వచ్చినది. 1960లో మహారాష్ట్రమున చేరినది. 1982లో గడ్చిరోలి జిల్లాలోనిదైనది. ఏలుబడులు మారినను ప్రాణహితకు ఆవలనున్న గానుగయు, ఈవలనున్న ఘాణాయు ఒక్కటే.

1947 నాటి ఉత్తరువులలో వనస్పతిలో నూటికి 5 పాళ్లు నువ్వులనూనె కలుపవలెనను నియమము వచ్చినది. ఏలననగా, ఒక ఆమ్ల పరీక్షలో నువ్వులనూనె ఎఱ్ఱబారును. నేతిలో ఎవరైనా వనస్పతి కలిపినచో ఆ రంగే దొంగను పట్టించును!

ఇక గుణములు. నువ్వుగింజ బరువులో ఇంచుమించు సగము నూనెయే. ఆ నూనెలో నూటికి 80 పాళ్లకు పైగా గుండెకు మేలైన ఒలీయిక్, లినోలీయిక్ ఆమ్లములు. సెసమిన్, సెసమోలిన్, సెసమోల్ అను పదార్థములుండుటచేత ఇది త్వరగా మక్కదు. కాని గింజలోని సున్నము, మాంసకృత్తులు నూనెలోనికి రావు. అవి తెలికపిండిలో నిలిచిపోవును. కావున నువ్వుల పొడి, నువ్వుల ఉండలు మానరాదు.

సూక్ష్మజీవుల మాట కూడ చెప్పవలెను. ఆవకాయ చెడకుండుటకు ఉప్పు, పులుపు, ఆవపిండి కారణములు. పైన తేలు నూనె గాలిని అడ్డి బూజు పట్టనీయదు. ఉప్పు, పులుపు చాలని పచ్చడిని నూనె ఒక్కటే కాపాడలేదు. నూనెతో పుక్కిలించుట చరకుని నాటి వాడుక. 2008లో మదరాసున కొందరు కుఱ్ఱవాండ్రపై జరిగిన చిన్న పరీక్షలో, పండ్లు పుచ్చజేయు క్రిములు దానివలన తగ్గినట్లు కనబడినది. అయినను పండ్లు తోముట మానవలెనని దాని అర్థము కాదు.

సుశ్రుతుడు వ్రణములకు నువ్వుల ముద్దను చెప్పెను. ఆ కాలమున నేటి మందులు లేవు, నేడు కలవు. మన అడవి దారులలో ఆసుపత్రి దూరమని కాలిన పుండుకు, లోతైన గాయమునకు నూనె పూసి రెండు దినములు వేచిన, ఆ రెండు దినములే ప్రాణాంతకములు కావచ్చును. కాలినచోట చల్లని నీళ్లు పోసి, వెంటనే వైద్యుని కడకు పోవలెను. చీము కారు చెవిలోను నూనె పోయరాదు.

నూనెను నూనెగా గౌరవింతము, మందుగా భ్రమపడవలదు. ఈ ఉగాదికి పిల్లల తలకు నూనె పెట్టుచు, ఆ మాట పుట్టుకను కూడ వారి చెవిని వేయుడు. ఎల్లరకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.