లేని సరస్సుకు దారి

బదరీనాథ యాత్రకు బయలుదేరిన తెలుగువారు హృషీకేశం విడిచిన పిమ్మట నది వెంట పైకి సాగుతూ దేవప్రయాగ, శ్రీనగరం, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగలను ఒక్కొక్కటిగా దాటి చమోలీ చేరుతారు. చమోలీ దాటిన కొద్దిసేపటికే తూర్పు కొండలలో నుండి బిరహీ గంగ అనే చిన్న నది దిగివచ్చి అలకనందలో కలుస్తుంది. పంచప్రయాగలలో ఈ సంగమానికి చోటు లేదు. స్నానఘట్టమూ, పురాణకథా ప్రసిద్ధమై లేనందున యాత్రికుల బండి ఇక్కడ ఆగదు. కాని హిమాలయ నదుల చరిత్రను తెలిసికొనగోరేవాడు ఆగవలసిన చోటు ఇదే. ఇక్కడ దిగి, నిజ్ములా లోయవాసి ఒకరిని దారి చూపుమని వెంట తీసుకొని, బిరహీ వెంట ఎగువకు పోతే, ఒక్క పగటిలో ఒక కొండగండినీ, ఒక సరస్సునూ చూచి తిరిగి రావచ్చును. సరస్సు ఇప్పుడు లేదు. అయినా దారి చూపేవాడు దానిని చూపుతాడు.

కొండల మధ్య నది కోసుకొని పోయిన ఇరుకుదారిని మనం గండి అంటాము. పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పోయిన చోట వెలసిన దుర్గానికి గండికోట అని పేరు. చెరువుకట్ట తెగినప్పుడు పడే బొందను కూడ మన రైతు గండి అనే అంటాడు. నెమ్మదిగా యుగాల తరబడి నీరు చేసిన పనికి, ఒక్క రాత్రిలో నీరు చేసిన పనికి మన భాషలో మాట ఒక్కటే. బిరహీ లోయలో ఈ రెండర్థాలూ ఒకేచోట కనిపిస్తాయి. సంగమం నుండి కొంతదూరం వరకు నది ఎత్తయిన రాతిగోడల మధ్య ఒదిగి పారుతుంది. ఆపైన లోయ హఠాత్తుగా విశాలమై, బండరాళ్లతో, గులకతో, ఇసుకతో నిండిన మైదానంగా మారుతుంది. చుట్టూ నిటారు కొండలు, నడుమ పాయలుగా చీలిన నీరు. హిందీలోను, పహాడీ పలుకుబడులలోను సరస్సును తాల్ అంటారు. ఈ లోయవారు ఈ గులకమైదానాన్ని నేటికీ తాల్ అనే పిలుస్తారు. లోకానికి అది గౌనా సరస్సు; దుర్మీ గ్రామం పక్కన ఉండడం చేత స్థానికులకు దుర్మీ తాల్.

ఈ సరస్సు పుట్టిన తేదీ మనకు తెలుసు. చాలా సరస్సుల విషయంలో ఆ మాట చెప్పలేము. 1893 సెప్టెంబరులో, వర్షాకాలం చివర, మైఠానా కొండ పార్శ్వం విరిగి బిరహీ గంగలో పడ్డది. రాళ్లు దొర్లడం కొన్ని దినాలు ఆగలేదనీ, లేచిన ధూళి చుట్టుపట్ల చెట్లమీద మంచువలె తెల్లగా పేరుకొన్నదనీ నాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. లోయకు అడ్డంగా సుమారు 900 అడుగుల ఎత్తుగల కట్ట ఏర్పడ్డది. ఏ రాజూ కట్టించని కట్ట. తూము లేదు, అలుగు లేదు. దాని వెనుక బిరహీ నీరు నిలిచి నానాటికీ పెరగసాగింది.

వార్తను పైకి పంపినవాడు ఆ ప్రాంతపు పట్వారీ. పట్వారీ అంటే మన కరణం వంటి ఉద్యోగి. అయితే గఢ్వాల్ కొండలలో ఆనాడు భూమిలెక్కలతోపాటు పోలీసు బాధ్యత కూడ అతనిదే. పెద్ద ఇంజనీరు పుల్ఫర్డ్ వచ్చి కట్టను పరిశీలించినాడు. తరువాత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన హాలండ్ వచ్చి రాతిపొరలను చూచి నివేదిక వ్రాసినాడు. వారి ముందున్న ప్రశ్న సామాన్యమైనది కాదు. కట్ట నేడో రేపో తెగుతుందా, లేక నిలుస్తుందా? తెగకముందే నీటిని మళ్లించడం సాధ్యమా? అంత ఎత్తు రాళ్లగుట్టను తవ్వి నీటికి దారి చేయడం మనుష్యసాధ్యం కాదని తేలింది. అంత మందం గల కట్ట నీటి ఒత్తిడికి తెగదనీ, నీరు పైకంటా నిండి పొర్లిన తరువాతనే తెగుతుందనీ వారు నిర్ణయించినారు. లోయ వైశాల్యం, నది తెచ్చే నీరు లెక్కగట్టి, మరుసటి సంవత్సరం ఆగస్టులో నీరు పొర్లుతుందని అంచనా వేసినారు.

ఈ నిర్ణయంలో ఒక గొప్ప వినయం ఉన్నది. ఆపలేని దానిని ఆపబూనక, దాని దారిలోనుండి మనుషులను తప్పించడమే తమ పని అని వారు గ్రహించినారు. పదమూడేళ్ల క్రితమే, 1880 సెప్టెంబరు 18న, కుమావూఁలోని నైనీతాల్ సరస్సు మీదికి కొండచరియ విరిగిపడి 151 మంది మరణించినారు. ఆ జ్ఞాపకం ఆనాటి అధికారులకు పచ్చిగానే ఉండి ఉండవలెను.

పిమ్మట జరిగిన ఏర్పాట్లు నేటికీ చదువదగినవి. క్రుక్‌శాంక్ అనే యువ సైనిక ఇంజనీరును సరస్సు ఒడ్డున కావలి ఉంచినారు. మన పల్లెలలో చెరువును కనిపెట్టి ఉండే నీరటికాని పని అతనిది. గౌనా నుండి హరిద్వారం వరకు, రెండు వందల కిలోమీటర్లకు పైబడిన కొండదారిలో తంతితీగ వేసినారు. వరద ఎంత ఎత్తుకు రాగలదో లెక్కకట్టి, నదీతీర గ్రామాలలో ఆ ఎత్తును తెలిపే స్తంభాలు నాటినారు. స్తంభానికి దిగువన ఎవరూ నిలువరాదు. ఆ గుర్తును అక్షరం రానివాడు కూడ చదువగలడు. వేలాడు వంతెనలను ముందుగానే విప్పి భద్రపరచినారు. యాత్రికులను వేరే దారులకు మళ్లించినారు. గఢ్వాల్ రాజుల పూర్వరాజధానియైన శ్రీనగరపు ప్రజలను పై గట్లకు చేర్చినారు.

1894 ఆగస్టు 25వ తేదీ ఉదయం నీరు కట్టమీదుగా పొర్లడం మొదలైనది. ఆ అర్ధరాత్రి ప్రాంతంలో కట్ట పైభాగం తెగిపోయినది. నాలుగున్నర గంటలలో సుమారు వెయ్యి కోట్ల ఘనపుటడుగుల నీరు దిగువకు దూకింది. సరస్సు మట్టం దాదాపు 390 అడుగులు పడిపోయినది. మబ్బు, వర్షం, చీకటి. ఆ చీకటిలో తంతి మాత్రం పని చేసింది. తెల్లవారేసరికి శ్రీనగర పట్టణం లేదు. చిత్రకారుడు, కవి మోలారాం జీవించిన వీధులు, అంగళ్లు, గుళ్లు, అన్నీ ఇసుక కింద ఉన్నవి. పట్టణాన్ని తరువాత ఎగువన, తిన్నని వీధులతో, క్రొత్తగా కట్టవలసివచ్చింది.

ఇంత ప్రళయంలో మరణించినవారు ఐదుగురు: ఒక ఫకీరు, అతని కుటుంబం. వారిని సురక్షితస్థలానికి తరలించినా మళ్లీ దిగి వెళ్లినారని చెబుతారు. తక్కిన నదీతీరమంతా ఇండ్లు పోగొట్టుకొన్నది, పొలాలు పోగొట్టుకొన్నది, ప్రాణాలు నిలుపుకొన్నది.

ఆనాటి పరిపాలన పరాయిది. దానికి హరిద్వారంలోని గంగాకాలువ మీద, దాని శిస్తు మీద శ్రద్ధ ఉన్నదనడంలో సందేహం లేదు. ఇదే ప్రభుత్వం ఈ కొండల అడవులను రైలుపట్టాల కింద పరిచే దిమ్మెలకోసం నరికించింది. ఆ సంగతి మరువనక్కరలేదు. అయినప్పటికీ గౌనా కథలో మనం గ్రహించవలసిన విషయం వేరొకటి ఉన్నది. పట్వారీ మాట ఇంజనీరు విన్నాడు. ఇంజనీరు లెక్క ప్రభుత్వం విన్నది. ప్రభుత్వపు హెచ్చరిక గ్రామం విన్నది. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం ఊడినా తంతితీగ వ్యర్థమయ్యేది.

వరద తగ్గిన తరువాత కట్ట అడుగుభాగం మిగిలే ఉన్నది. దాని వెనుక చిన్నదైన సరస్సూ మిగిలింది. ఇక్కడనే రెండవ కథ ప్రారంభమవుతుంది. భయపెట్టిన నీరు క్రమంగా అందమైన నీరయింది. దొరలు వచ్చి పడవలలో విహరించినారు, చేపలు పట్టినారు. నందాకినీ లోయనుండి క్వారీ కనుమకు పోయే కాలిబాట ఈ లోయను దాటి పోతుంది గనుక, కొండదారుల మీద మక్కువగలవారు సరస్సు సౌందర్యాన్ని చూచి మెచ్చుకొన్నారు. తరాలు మారినవి. ఈ సరస్సు అనాదిగా ఇక్కడనే ఉన్నదన్నట్లు లోకం ప్రవర్తించింది. అంతలో ప్రతి వర్షాకాలమూ కొండలనుండి కొట్టుకువచ్చిన మట్టీ, రాళ్లూ దాని అడుగున పేరుకొంటూ వచ్చినవి. నీరు నిలిచే చోటు తగ్గింది. కావలివాడు లేడు. తంతి లేదు. స్తంభాల అర్థం తెలిసిన వృద్ధులు ఒక్కరొక్కరే వెళ్లిపోయినారు.

1970 జూలై 20న అలకనంద పరీవాహక ప్రాంతమంతటా కుంభవృష్టి కురిసింది. కొండచరియలు కూలి గౌనా సరస్సులో పడగా, మిగిలిన కట్ట తెగి, సరస్సు తుడిచిపెట్టుకొని పోయినది. డెబ్బదియారేండ్ల క్రితం మొదలైన పని ఆనాడు ముగిసింది. బదరీ మార్గంలోని బేలాకూచీ అనే మజిలీ, అక్కడ ఆగిన బస్సులతోసహా, నదిపాలైనది. వంతెనలు పోయినవి. హరిద్వారం దిగువన గంగాకాలువ బురదతో పూడిపోయినది. ఈసారి ఎవరికీ ముందుగా కబురు లేదు.

అయితే ఈ వరద ఒక ప్రశ్నను మిగిల్చింది. చండీప్రసాద్ భట్ 1964లో గోపేశ్వరంలో నెలకొల్పిన గ్రామస్వరాజ్య సంఘపు కార్యకర్తలు సహాయకార్యాలకు గ్రామగ్రామమూ తిరిగినారు. గుత్తేదార్లు అడవి నరికిన వాలుల దిగువనే నష్టం ఎక్కువగా కనబడుతున్నదని వారు గమనించినారు. నాగలికీ కాడికీ ఉపయోగపడే అంగూ చెట్టును రైతులకు నిరాకరించి, ఆటవస్తువుల తయారీదారుకు ప్రభుత్వం ఇచ్చినప్పుడు, 1973 ఏప్రిల్లో మండల్ గ్రామస్థులు అడ్డుకొన్నారు. 1974 మార్చి 26న రేణీ గ్రామంలో గౌరాదేవి, ఆమె వెంట వచ్చిన స్త్రీలు చెట్లకు అండగా నిలిచినారు. లోకం దానిని చిప్కో ఉద్యమమని పిలిచింది. చిప్కో అనగా హత్తుకొను, అంటిపెట్టుకొను అని అర్థం. దాని మూలాలలో ఒకటి ఈ సరస్సు అడుగున ఉన్నది. అడవి నరకడమే సమస్త వరదలకూ కారణమని చెప్పడం అతిశయోక్తి. హిమాలయం ఇంకా ఎదుగుతున్న పర్వతం. దాని వాలులు అడవి ఉన్నా కూలుతాయి. కాని కూలే కొండకు గొడ్డలి తోడుకావడం క్షేమం కాదని గ్రామస్థులు అనుభవంతో తెలిసికొన్నారు.

అదే రేణీ గ్రామం పక్కన, 2021 ఫిబ్రవరి 7న, రౌంఠీ శిఖరం నుండి రాయీ మంచూ కలిసి విరిగిపడి రిషిగంగలో ప్రళయం పుట్టింది. రెండు వందల మందికి పైగా మరణించినారు లేదా జాడ తెలియకపోయినారు. వారిలో ఎక్కువమంది జలవిద్యుత్ నిర్మాణాల కార్మికులు. సొరంగంలో పనిచేస్తున్నవారికి ఎగువ గ్రామస్థుల కేకలు ఎలా వినబడగలవు? 2023 అక్టోబరు మొదటి వారంలో సిక్కింలోని దక్షిణ ల్హొనాక్ సరస్సు పొంగి, తీస్తా నదిమీది చుంగ్‌థాంగ్ ఆనకట్టను కొట్టుకొనిపోయింది. హిమనది కరగడం వలన ఆ సరస్సు దశాబ్దాలుగా పెరుగుతున్నదని శాస్త్రజ్ఞులకు తెలుసు. ఆకాశంనుండి తీసిన చిత్రాలలో ఆ పెరుగుదలను కొలిచినారు కూడ. 1894లో ఒక ఇంజనీరు వద్ద కొలబద్దా, తంతితీగా మాత్రమే ఉన్నవి. నేడు మనవద్ద ఉన్న సాధనాలు అనేకం. అయినా ఆ అర్ధరాత్రి తీస్తా తీరంలో నిద్రిస్తున్న అనేకులకు వార్త అందలేదు. తెలిసికొనడం వేరు, తెలియజేయడం వేరు.

సరస్సులను చూడబోయేవారికి దారి చూపేవారు నేడు హిమాలయమంతటా ఉన్నారు. ఉదయం తీసికొనిపోయి, నాలుగు తాల్‌లూ, రెండు లోయలూ చూపి, సాయంకాలానికి తిరిగి దించడం ఒక వృత్తి అయినది. అది గౌరవనీయమైన వృత్తే. కొండ ఊళ్లలో ఎన్నో కుటుంబాలు దానిమీద బ్రతుకుతున్నవి. చూడవచ్చినవాడు సాధారణంగా నీటి రంగును అడుగుతాడు, లోతును అడుగుతాడు, పడవ దొరుకుతుందా అని అడుగుతాడు. అతడు అడుగదగిన ప్రశ్నలు మరి రెండు ఉన్నవి: ఈ సరస్సు వయస్సు ఎంత? దీని కట్ట దేనితో ఏర్పడినది? కొండరాయి అడ్డుగా నిలచిన సరస్సు ఒకటి. కూలిన మట్టి నిలిపిన సరస్సు ఇంకొకటి. కరగే మంచు విడిచిన రాళ్లగుట్ట వెనుక నిలచిన సరస్సు వేరొకటి. నీటి అందం మూడింటిలోనూ ఒక్కటే. ఆయుష్షు ఒక్కటి కాదు.

బిరహీ లోయలో ఈ ప్రశ్న అడుగకుండానే సమాధానం దొరుకుతుంది. అక్కడ చూపడానికి నీరు లేదు గనుక, దారి చూపేవాడు చరిత్రనే చూపవలసివస్తున్నది. మైఠానా విరిగిన చోటును వ్రేలితో చూపి, కట్ట ఇంత ఎత్తు ఉండేదని చేయి ఎత్తి చెప్పినప్పుడు, అతడు పూర్వం ఆ నదీతీరంలో నాటిన స్తంభం చేసిన పనినే చేస్తున్నాడు. దిగువనున్నవారు ఎంత ఎత్తున నిలువవలెనో ఆ చేయి తెలుపుతున్నది. పర్వతప్రాంతాలలో పుస్తకాలు చేరని చోటులకు ఇటువంటి నోటిమాట చేరుతుంది. అది నిలిచినంతకాలం 1894 నాటి పాఠం నిలుస్తుంది. అది ఆగిన గ్రామంలో 1970 మళ్లీ రావచ్చును.