కళాయి వెలిసిన గిన్నెలు, ఉదయగిరి గరిటెలు

ఉదయగిరి అనగానే అందరికీ దుర్గమే గుర్తొస్తుంది. నెలల తరబడి ముట్టడించి 1514లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి గెలుచుకున్న కోట అది. ఆ కొండ కింది ఊరు మాత్రం చెక్క గరిటెలతో బతికింది. దిలావర్ భాయ్ వీధిలోని ముస్లిం కుటుంబాలు నర్ది, బిక్కి, కల్ది, దేవదారి కర్రలను ఉలితో చెక్కి, ఆకురాయితో అరగదీసి, చెంచాలూ గరిటెలూ తీరుస్తాయి. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కొనేవాళ్లు చాలామంది పిడి మీది నగిషీ చూసి ముచ్చటపడి కొంటారు. కానీ పాత వంటింట్లో చెక్క గరిటె అందానికి పెట్టుకున్నది కాదు. కూట్లోకి లోహం దిగకుండా కాసిన వస్తువుల్లో అదీ ఒకటి.

ఉదయగిరి ఉన్న ఈ పడమటి నెల్లూరు ప్రాంతానికి లోహం కొత్తది కాదు. పాత ఉదయగిరి తాలూకాలోని గరిమెనపెంట దగ్గర రాగి ఖనిజం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో తెల్లదొరలు అక్కడ తవ్వకాలు చేయించి, గిట్టుబాటు కాక మానుకున్నారు. ఇళ్లలోనూ స్టీలు రాకముందు రాగి, ఇత్తడి పాత్రలదే రాజ్యం.

వాటితో చిక్కు పులుపు దగ్గర వస్తుంది. చింతపండు పులుసో మజ్జిగో ఉత్త రాగి గిన్నెలో నిలవుంటే ఆ ఆమ్లానికి రాగి కరుగుతుంది. గిన్నెకు పచ్చగా చిలుము పడుతుంది, తిన్నవాళ్లకు కడుపులో తిప్పి వాంతులవుతాయి. ఇత్తడిలో ఉండేది రాగీ జింకే కాబట్టి దానిదీ అదే దోషం. ఊరగాయను జాడీలో పెట్టడం, నెల్లూరు చేపల పులుసును మట్టి దాకలో కాచడం రుచి కోసమే అనుకుంటాం గానీ, ఆ అలవాట్లు ఒంటినీ కాపాడాయి.

తప్పనిసరిగా ఇత్తడిలోనే వండాల్సి వస్తే కళాయి ఉండాలి. కళాయి వేసేవాడు వీధి చివర నేలలో గుంట తీసి, బొగ్గులు పోసి, తిత్తితో నిప్పు రాజేసేవాడు. ముందు ఇసుకతో తోమి తోమి గిన్నె మకిలి వదిలించాలి. కాలిన గిన్నెలో నవాసారం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పున లేస్తుంది. లోహం మీది తుప్పుపొరను విడగొట్టేది ఆ నవాసారమే. అప్పుడు తగరపు కడ్డీని తాకిస్తాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది గనుక అంటుకోగానే పారుతుంది. దూది ఉండతో చకచకా గిన్నె లోపలంతా పులిమేస్తే వెండిలా మెరిసే పొర మిగులుతుంది. ఆ పొర చాలా పలచన. ఇనుప గరిటెతో గీకితే త్వరగా లేచిపోతుంది, చెక్క గరిటె దాన్ని గీరదు. కళాయి వెలిసిందని కనిపెట్టి, మళ్లీ ఎప్పుడు వేయించాలో చూసుకోవడం ఇంటి ఆడవాళ్ల వంతు. ఏ పుస్తకంలోనూ చదవకుండా వాళ్లు నిలబెట్టిన ఆరోగ్య నియమం అది. దానికి దక్కాల్సినంత గౌరవం ఎన్నడూ దక్కలేదు.

ప్రభుత్వం కూడా ఆ నియమాన్నే చట్టంలోకి ఎక్కించింది. సరిగా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలు ఆహారానికి పనికిరావని 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నిబంధనలు చెప్పాయి.

అయితే ఈ రక్షణలోనే ఒక కన్నం ఉంది. తగరం ఖరీదైనది, సీసం చవక. రెండూ కలిపితే ఇంకా తక్కువ వేడికే కరుగుతాయి, పని తేలికవుతుంది. పూసిన పొర చూడటానికి ఒకలాగే మెరుస్తుంది. రాగి విషం వాంతితో వెంటనే బయటపడుతుంది, సీసం అలా కాదు. వాసన లేదు, రుచి చెడదు, ఎముకల్లో పేరుకుపోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత లోపు ఉంటే హాని లేదు అని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

స్టీలు గిన్నెలు వచ్చాక కళాయి బెడద తీరింది. దాంతోపాటు ఏ గిన్నెలో ఏది వండాలన్న ఎరుకా సన్నగిల్లింది. దాదాపు ఆ కాలంలోనే సీసం వేరే దారుల్లో, పెట్రోలు పొగలోనూ ఇంటి రంగుల్లోనూ, ఇళ్లకు చేరింది. పెట్రోలులో సీసం కలపడం దేశమంతటా 2000లో ఆగింది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలైంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల వైపూ వేలు చూపారు. తాగే నీటినీ తినే తిండినీ ఎవరు పరీక్షిస్తున్నారన్న ప్రశ్న మాత్రం ఊరూరా లేచింది.

ఉదయగిరి వైపు పల్లెల్లో నేడు సీసం ఎక్కువగా ట్రాక్టర్లు, ఆటోలు, ఇన్వర్టర్ల బ్యాటరీల్లో ఉంది. పాతబడిన బ్యాటరీని పగలగొట్టి ఆరుబయట పొయ్యి మీద సీసం కరిగిస్తే, ఆ పొగా బూడిదా చుట్టుపక్కల మట్టిలో దిగి ఏళ్ల తరబడి ఉంటాయి. ఆ మట్టిలోనే పిల్లలు ఆడుకుంటారు. పాత బ్యాటరీని అమ్మినవాళ్లే వెనక్కి తీసుకోవాలని 2001 నిబంధనలు చెప్పాయి. 2022లో వచ్చిన కొత్తవి ఆ బాధ్యతను తయారీదారుల మీద మరింత గట్టిగా పెట్టాయి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతది దుకాణంలో అప్పగిస్తే ధరలో కొంత తగ్గుతుంది కూడా.