బొటనవేలి మీద ఇంజను

అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన సిల్వెస్టర్ రోపర్ 1869 ప్రాంతంలో ఒక ఆవిరి సైకిలు తయారుచేశాడు. సీటు కింద బొగ్గుతో మండే బాయిలరు, ఫ్రేముకు అటొకటి ఇటొకటి సిలిండర్లు. హ్యాండిల్‌ను ఒక వైపు మెలితిప్పితే ఇంజనుకు ఆవిరి అందుతుంది, రెండో వైపు తిప్పితే బ్రేకు పడుతుంది. ఇవాళ మన బైకులకూ స్కూటర్లకూ ఉన్న తిప్పుడు యాక్సిలరేటర్‌కు ముత్తాత అదే. తమాషా ఏమిటంటే, ఆ ఉపాయం పుట్టి నూరేళ్లు నిండాక, 1970లో, మోటారు సైకిళ్ల తయారీలో ప్రపంచంలోనే పెద్దదైన హోండా కంపెనీ ఇసుకలోనూ మంచులోనూ తిరిగే కొత్త బండి ఒకటి చేస్తూ దాన్ని పక్కన పెట్టేసింది. దాని బదులు, కుడి చేతి పట్టు పక్కన బొటనవేలితో ముందుకు నొక్కే చిన్న లివర్ బిగించింది. ఎలాంటి నేల మీదైనా తిరిగే ఇలాంటి బండ్లకు, అంటే ఏటీవీలకు, దాదాపు అన్నిటికీ ఇప్పటికీ అదే ఆనవాయితీ. ఆ లివర్ మీద గంటల తరబడి వేలు ఆనించేవాళ్లకు బొటనవేలి మొదట్లో నొప్పి, అరచేతిలో తిమ్మిరి మామూలే. అందుకే లివర్ పొడిగించేవాళ్లు, స్ప్రింగు మెత్తబరిచేవాళ్లు, మొత్తం పీకేసి తిప్పుడు పట్టు పెట్టుకునేవాళ్లు ఎందరో. అంత తెలిసిన కంపెనీ వెనక్కి ఎందుకు నడిచింది? నన్నడిగితే వెనక్కి నడవలేదు. ఆ నొప్పిలో కొంత భాగం ప్రాణరక్షణ కోసం కావాలని పెట్టింది, మిగతాది ఊరికే వృథాగా పోతోంది. ఏది ఏదో విడదీయకుండా చేసే మార్పే ప్రమాదం.

చెయ్యి అలసిపోవడం అనే సమస్యే లేని కాలం ఒకటి ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ మోటారు సైకిళ్లకు హ్యాండిల్ మీద చిన్న చిన్న లివర్లుండేవి: ఒకటి పెట్రోలు మిశ్రమం ఎంత పోవాలో చెప్పేది, ఇంకొకటి గాలి ఎంత కలవాలో చెప్పేది, వేరేగా నిప్పురవ్వ ముందుగా పడాలా ఆలస్యంగా పడాలా అన్నదానికి మరొకటి. వీటికి తిరిగివచ్చే స్ప్రింగు లేదు. రాపిడి వల్ల ఎక్కడ పెడితే అక్కడే నిలబడేవి. నడిపేవాడు ఒక వేగానికి సర్దుకుని వేళ్లు తీసేసి, ఇంజను శబ్దాన్ని బట్టి మళ్లీ వెంట్రుకవాసి కదిపేవాడు. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారులోనూ ఇదే పద్ధతి. స్టీరింగు కింద కుడివైపు యాక్సిలరేటర్ లివర్, ఎడమవైపు నిప్పురవ్వ లివర్, కాలితో నొక్కే యాక్సిలరేటర్ లేదు. మన పొలాల్లో ఆ పద్ధతి చావలేదు. దమ్ము చేసే ట్రాక్టరుకు చేతి యాక్సిలరేటర్ ఉంటుంది, డ్రైవరు దాన్ని ఒకచోట పెట్టి సాలు చివరిదాకా తన దృష్టినంతా చేను మీదే ఉంచుతాడు. ఇంజనుకూ మనిషికీ మధ్య అంత దగ్గరి సంభాషణ, గాలి పాళ్లు చెవితో విని సరిచేసుకునే నేర్పు, తరవాతి తరాలకు దక్కలేదనే నా బాధ. కార్బరేటర్ తెలివిమీరిన కొద్దీ చెయ్యి మొద్దుబారింది. ఆ లివర్ల వెనక ఉన్న తీగ కథ కూడా చెప్పుకోవాలి. ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ 1896లో పేటెంటు పొందిన కేబుల్ అది: చుట్టలు చుట్టిన గట్టి తొడుగు లోపల జారే ఉక్కు తీగ. మెకానిక్కులు ఇవాళ యాక్సిలరేటర్ వైరు, క్లచ్ వైరు అంటున్నవన్నీ దాని సంతానమే. ఈ వైరే మన కథలో అసలు దొంగ, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

తరవాతి నలభై ఏళ్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చవచ్చు. తిప్పుడు పట్టు గెలిచింది, కార్బరేటర్ లోపల తిరిగి మూసే స్ప్రింగు స్థిరపడింది. వదిలితే ఆగాలి అన్నది నియమమైంది. మంచు మీద నడిచే స్కూటర్లలో మాత్రం, మందపాటి తొడుగులు వేసుకున్న చేతులకు పట్టు తిప్పడం ఇబ్బంది కాబట్టి బొటనవేలి లివర్ నిలదొక్కుకుంది.

ఇక హోండా. 1967లో ఆ కంపెనీ అమెరికా శాఖ జపాన్‌కు ఒక కోరిక పంపింది. చలికాలంలో మోటారు సైకిళ్లు అమ్ముడుపోవు, అప్పుడు డీలర్లు అమ్ముకోడానికి ఏదైనా బండి కావాలి. ఆ పని ఒసాము తకెయూచి అనే ఇంజనీరు చేతికొచ్చింది. రెండు చక్రాల నుంచి ఆరు చక్రాల దాకా అన్ని అమరికలూ ఆలోచించి మూడు దగ్గర ఆగాడు. మంచులో, బురదలో మామూలు టైరు దిగబడుతుంది. ఆంఫీక్యాట్ అనే ఆరు చక్రాల బండికున్న బెలూన్ టైర్లు చూశాక చిక్కు విడింది. బాగా వెడల్పైన, గాలి చాలా తక్కువ పట్టించిన టైర్లు బండిని పైన తేలుస్తాయి, షాక్ అబ్సార్బర్ల పని కూడా అవే చూసుకుంటాయి. 89 సీసీ ఇంజను, 22 అంగుళాల టైర్లు, చేతి క్లచ్ అక్కర్లేని గేర్లు, 595 డాలర్ల ధర. మొదట యూఎస్90 పేరుతో వచ్చి, తరవాత ఏటీసీ90 అయింది. 1971 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో షాన్ కానరీ ఎక్కి పరుగెత్తించింది ఈ బండినే. చలికాలపు వెలితి పూడ్చడానికి పుట్టిన బొమ్మలాంటి యంత్రం ఏడాది తిరిగేసరికి వెండితెర ఎక్కింది.

బొటనవేలి లివర్ ఎందుకో ఈ మూడు చక్రాల మీద కూర్చుంటేనే అర్థమవుతుంది. వెనక రెండు చక్రాలూ ఒకే గట్టి ఇరుసు మీద ఉంటాయి, మలుపులో ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ తిరిగే వీలు లేదు. కాబట్టి మలుపు తిరగాలంటే మనిషి ఒళ్లంతా ఒక పక్కకు వేలాడదీసి లోపలి చక్రం మీది బరువు తగ్గించాలి. నిట్టనిలువు దిబ్బ ఎక్కేటప్పుడు ఒళ్లు వెనక్కి జారుతుంది, చేతులు హ్యాండిల్‌ను పట్టుకుని లాగుతాయి. అక్కడ తిప్పుడు యాక్సిలరేటర్ ఉంటే మణికట్టు కిందికి వంగి, లాగిన ప్రతిసారీ పట్టు తనంతట తాను తిరుగుతుంది. ఇంజను రేజవుతుంది, బండి ముందు భాగం లేస్తుంది, మనిషి ఇంకా వెనక్కి జారి ఇంకా గట్టిగా లాగుతాడు, చివరికి బండి మీద పడుతుంది. బొటనవేలి లివర్‌కు ఈ విషవలయం లేదు. అది ముందుకు నొక్కితేనే తెరుచుకుంటుంది, వెనక్కి లాగడానికీ దానికీ సంబంధం లేదు. దిగుడులో ఒళ్లు ముందుకు తూలినప్పుడు వేలు లివర్ మీదికి నెట్టుకుంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అయితే బరువును ఆపేది అరచెయ్యి, ఆ కుదుపు వెంటనే తీరుతుంది. వెనక్కి జారడంలో ఉన్నట్టు తప్పును తప్పే పెంచుకుంటూ పోవడం ఇక్కడ ఉండదు.

ఈ భద్రతకు వేలు చెల్లించేది తక్కువేమీ కాదు. చేతి శస్త్రవైద్యుడు కూనీ, శరీర యంత్రశాస్త్రవేత్త చావో 1977లో ప్రకటించిన లెక్క ప్రకారం, బొటనవేలి కొసతో 1 కిలో బలంతో నొక్కితే వేలి మొదట్లో మణికట్టు దగ్గరి కీలు మీద పడే ఒత్తిడి సగటున 12 కిలోలు. జీను ఆకారంలో ఉండే ఆ చిన్న కీలు వదులుగా, అన్ని వైపులా తిరిగేలా ఉంటుంది, పట్టుకోడానికి అద్భుతం, పట్టి ఉంచడానికి బలహీనం. పైగా కండరం అలిసేది బరువు మోసినందుకన్నా బరువు దించనందుకు. కదలకుండా బిగబట్టిన కండరంలో రక్తప్రసరణ తగ్గుతుంది, బలం పెరిగిన కొద్దీ ఓపే కాలం నిలువునా పడిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త రోమెర్ట్ 1960లో చూపించాడు. రేసులో యాక్సిలరేటర్ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఒకే వేగంతో పొలం గట్ల వెంట మందు కొట్టేవాడికి, న్యూజిలాండ్ కొండల్లో గొర్రెల మందను తోలేవాడికి అది సగం తెరిచి గంటలు గంటలు నిలబడాలి. మరో చిన్న సంగతి: వేలు లివర్ మీదుంటే పట్టు మీద లేనట్టే. అయిదు వేళ్ల పని నాలుగు వేళ్లు చేస్తాయి, అవి మరింత బిగుసుకుంటాయి, నొప్పి ముంజేతిదాకా పాకుతుంది.

ఇప్పుడు విడదీద్దాం. వేలి మీది భారంలో మూడు పాళ్లున్నాయి: స్ప్రింగు, వైరులోని రాపిడి, వేలి భంగిమ. వైరు సంగతి చూడండి. వంగిన తొడుగులో జారే తీగ ఎంత రాపిడి పడుతుందో ఆయిలర్, ఐటెల్‌వైన్ చెప్పిన పాత సూత్రం ఉంది, వంపు పెరిగిన కొద్దీ రాపిడి కూడికగా కాక హెచ్చింపుగా పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.2 అనుకోండి. వైరు దారిలోని వంపులన్నీ కలిపి 180 డిగ్రీలైతే, ఆ చివర స్ప్రింగు 1 కిలో లాగుతున్నప్పుడు ఈ చివర వేలు సుమారు 1.9 కిలోలు లాగాలి. వంపు 90 డిగ్రీలకు తగ్గితే 1.4 చాలు. వేలు వదిలినప్పుడు అదే రాపిడి స్ప్రింగుకు ఎదురు నిలుస్తుంది, 180 డిగ్రీల వంపులో స్ప్రింగు బలంలో లివర్ దాకా చేరేది సగానికి కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి వైరును తిన్నని దారిలో పరచడం, లోపలి మురికి కడిగి తగిన నూనె దించడం, పోగులు తెగిన వైరును మార్చడం, కార్బరేటర్ లోపల జారే స్లైడును శుభ్రం చేయడం, ఇవన్నీ వేలికి హాయినీ, వదలగానే మూసుకునే చురుకునూ ఒకేసారి ఇస్తాయి. స్ప్రింగును మెత్తబరిస్తే హాయి దొరుకుతుంది, చురుకు పోతుంది. అసలు దొంగను వదిలేసి కాపలావాణ్ని కొట్టడమంటే ఇదే.

లివర్ పొడుగు విషయంలో కాస్త మెలిక ఉంది. యంత్రం వైపు లివర్ పొడుగైతే మంచిదే: ఇరుసు నుంచి వేలు ఆనే చోటు 5 సెంటీమీటర్ల నుంచి 6కు జరిగితే కావలసిన బలం ఆరోవంతు తగ్గుతుంది, ప్రయాణం అయిదోవంతు పెరుగుతుంది. కానీ బొటనవేలూ ఒక లివరే, అక్కడ లెక్క తిరగబడుతుంది. కొసతో నొక్కితే మొదటి కీలు మీద భారం పెరుగుతుంది, వేలి నడిమి కణుపుతో నొక్కితే తగ్గుతుంది. అంటే లివర్‌ను పట్టు వైపుకు పొడిగించి, ఆనే భాగాన్ని వెడల్పు చేసి, అంచులు గుండ్రంగా నునుపు చేస్తే రెండు లెక్కలూ మనవైపే మొగ్గుతాయి. ఏ దిక్కూ చూడకుండా పొడిగిస్తే ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నట్టే. డబ్బు అక్కర్లేని మార్పు ఇంకొకటి: లివర్ గూడు బిగించిన స్క్రూలు వదులు చేసి కాస్త కిందికో మీదికో తిప్పి, నడిపే భంగిమలో మణికట్టు వంగకుండా వేలు తిన్నగా లివర్ మీదికి వచ్చేలా బిగించుకోవడం. చాలామంది ఇంత సులువైనదాన్ని ఆఖరున చేస్తారు.

వీటన్నిటికన్నా తిప్పుడు పట్టు పెట్టేస్తే పోలేదా అనేవాళ్ల మాటలో కొంత సత్యం ఉంది. ఎత్తుపల్లాలు లేని చదును నేల మీద, కూర్చునే నడిపేవాడికి అది వేలిని విడిపిస్తుంది. కానీ మణికట్టును వెనక్కి వంచి పట్టుకోవడం కూడా బిగపట్టడమే, పైగా దిబ్బ ఎక్కినప్పటి పాత విషవలయం ఇంటికి తిరిగొస్తుంది. లివర్‌ను ఒకచోట నిలిపే బిగింపు స్క్రూ పెడదామంటే, 1910ల నాటి సుఖమే మళ్లీ కోరినట్టు. ట్రాక్టరు మీద అది చెల్లుతుంది, ఎందుకంటే దమ్ములో అది మెల్లగా, బరువుగా, మడిలోనే తిరుగుతుంది. ఒళ్లు వేలాడదీసి నడిపే బండి మీద మనిషి కిందపడితే నిలిపిన యాక్సిలరేటర్ బండిని ఆయన్ని వదిలి పరుగెత్తిస్తుంది, లేదా ఆయన మీదికి. వైరు లేని ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ వచ్చాక ఈ గొడవంతా పోతుందన్నవారి మాటా సగమే నిజం. వైరు రాపిడి పోతుంది, కానీ వేలు వదిలితే మూసుకునే స్ప్రింగు అక్కడా ఉంటుంది, బిగబట్టిన కండరం బిగబట్టినట్టే ఉంటుంది.

వేలు తీసినా యాక్సిలరేటర్ మూసుకోదేమోనన్న భయం కంపెనీలకు ఎంతగా ఉండేదో చరిత్రే చెబుతుంది. ప్రమాదాల మీద అమెరికా ప్రభుత్వంతో తగాదా తేలి 1988 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందంతో మూడు చక్రాల బండ్ల అమ్మకం అక్కడ ఆగింది, నాలుగు చక్రాలవి మిగిలాయి. వాటిలో ఒకటైన యమహా బాన్షీలో రెండు కార్బరేటర్లు, రెండు స్లైడ్లు, రెండు స్ప్రింగులు. వాటన్నిటినీ ఎత్తేది ఒకే బొటనవేలు. దానికి తోడు లివర్ గూటిలోనూ కార్బరేటర్ల మీదా స్విచ్చులుండేవి: వేలు తీశాక స్లైడు కిందికి దిగకపోతే నిప్పురవ్వ కట్ చేసేవి. బరువు, చిక్కు అని చాలామంది వాటిని పీకేశారు. వైరును సరిచేసి పీకినవాళ్లు బతికిపోయారేమో కానీ, స్ప్రింగు మెత్తబరిచి పీకినవాళ్లు రెండు కాపలాలనూ ఒకేసారి ఇంటికి పంపినట్టు. పిల్లల ఏటీవీల్లో ఇదే లివర్ గూటికి ఒక చిన్న స్క్రూ ఉంటుంది, లివర్ ఎంతవరకు వెళ్లాలో పెద్దవాళ్లు దాంతో నిర్ణయిస్తారు. లివర్ పొడిగించేటప్పుడో మార్చేటప్పుడో ఆ హద్దు మళ్లీ సరిచూసుకోవాలి. ఏ మార్పు చేసినా పరీక్ష ఒకటే: ఇంజను ఊరికే నడుస్తుండగా హ్యాండిల్‌ను ఎడమ చివరిదాకా, కుడి చివరిదాకా తిప్పాలి, శబ్దం పెరగకూడదు. పెరిగితే వైరు ఎక్కడో లాగుతోంది. తరవాత ఇంజను ఆపి, హ్యాండిల్‌ను రెండు చివర్లలోనూ ఉంచి లివర్ పూర్తిగా నొక్కి వదలాలి. టక్కుమని వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే బండి బయటికి తీయకండి.