తెల్లటి మెట్ల గీత

కొన్నేళ్ల కిందట మా ప్రాడక్ట్ సైన్-అప్ ఫారంలో దేశాల డ్రాప్‌డౌన్ బాధ్యత నాది. బాధ్యత అంటే పెద్దగా ఏమీ లేదు. ఐఎస్ఓ 3166 అనే స్టాండర్డ్ ఒకటుంది, దేశాల పేర్లు, రెండక్షరాల కోడ్‌లు అందులో ఉంటాయి. ఆ లిస్టుని తెచ్చి పెట్టడమే నా పని. 2019లో ఒక టికెట్ వచ్చింది. స్తెపానకెర్త్ అనే ఊరు నుంచి ఎవరో, లిస్టులో మా దేశం లేదు, ఏది ఎంచుకోమంటారు అని అడిగారు. నేను ఐదు నిమిషాలు వెతికి, మ్యాప్ చూసి, "అజర్‌బైజాన్ ఎంచుకోండి" అని రాసి టికెట్ క్లోజ్ చేసేశాను. మర్నాడు జవాబొచ్చింది. అందులో మాట ఒక్కటి కూడా లేదు. ఒక జెండా బొమ్మ అటాచ్ చేసి పంపారంతే.

ఎరుపు, నీలం, నారింజ అడ్డపట్టీలు. ఆర్మేనియా జెండాలా ఉంది. కాకపోతే కుడివైపు చివర, పైమూల నుంచి ఒకటి, కిందిమూల నుంచి ఒకటి, తెల్లటి గీతలు మెట్లు మెట్లుగా లోపలికి దిగి ఒకచోట కలుసుకున్నాయి. పాత వీడియోగేముల్లో పిక్సెల్ కొండల్లా. ముందు నాకు ఫైల్ పాడైందేమో అనిపించింది.

ఆ జెండా ఆర్త్సాఖ్‌ది. ప్రపంచం నగోర్నో-కరబాఖ్ అని పిలిచిన కొండప్రాంతం. ఐక్యరాజ్యసమితిలో ఏ ఒక్క సభ్యదేశమూ దాన్ని గుర్తించలేదు. అక్కడివాళ్లకి అండగా నిలబడి యుద్ధాలు చేసిన ఆర్మేనియా కూడా గుర్తించలేదు. ఆ సంగతి తెలిశాక, నేనిచ్చిన సమాధానం టెక్నికల్‌గా తప్పు కాదని, మనిషిగా మాత్రం చాలా మొరటు సమాధానమని అర్థమైంది. అప్పటి నుంచి ఆ తెల్లగీత నన్ను వదల్లేదు.

సాధారణంగా విడిపోయిన ప్రాంతాల జెండాలు "మేం వేరు" అని చెప్తాయి. పాత రంగులు తీసేస్తారు, కొత్త నక్షత్రమో సూర్యుడో పెట్టుకుంటారు. ఇది అలా కాదు. ఆర్మేనియాకి తూర్పున కరబాఖ్ ఉంటుంది. జెండాలో కూడా కుడిచివర, అంటే తూర్పున, ఒక చిన్న ముక్క. దాన్ని మిగతా జెండా నుంచి విడదీస్తూ తెల్లగీత. ముక్కకీ మిగతా జెండాకీ రంగులు ఒకటే. గీత మొన మాత్రం పడమటికి, ఆర్మేనియా వైపుకి చూస్తూ ఉంటుంది. ఆ మెట్ల నమూనా అక్కడి తివాచీల నేతలోంచి వచ్చింది. ఈ గీత ఉండకూడదు, ఎప్పుడో ఒకనాడు పోవాలి అని కోరుకునే జెండా ఇది. తన గుర్తు తానే చెరిగిపోవాలనుకునే జెండాని నేనింకోటి చూడలేదు.

దీని వెనక ఒక చట్టపరమైన మెలిక ఉంది. సోవియట్ కాలంలో, 1923 నుంచి, కరబాఖ్ అజర్‌బైజాన్ లోపల ఒక స్వయంప్రతిపత్తి ప్రాంతం. జనంలో ఎక్కువమంది ఆర్మేనియన్లు. 1988 ఫిబ్రవరి 20న ఆ ప్రాంతపు సోవియట్, మమ్మల్ని ఆర్మేనియాలో కలపండి అని తీర్మానం చేసింది. వీధుల్లో నినాదం "మియాత్సుం", అంటే కలయిక. స్వాతంత్ర్యం అన్నమాట అప్పటికి లేదు. సోవియట్ యూనియన్ కూలిపోతున్నప్పుడు లెక్క మారింది. ఒక దేశపు భూభాగాన్ని పక్కదేశం కలుపుకుంటే అది ఆక్రమణ అవుతుంది, అక్కడివాళ్లే విడిపోతే స్వయంనిర్ణయం అని వాదించుకోవచ్చు. 1991 సెప్టెంబర్ 2న రిపబ్లిక్ ప్రకటించుకున్నారు, డిసెంబర్ 10న రెఫరెండం పెట్టారు. అక్కడి అజర్‌బైజానీలు ఆ ఓటింగ్‌ని బహిష్కరించారు. కాగితాల మీద స్వాతంత్ర్యం, మనసులో కలయిక. 1992 జూన్ 2న జెండా ఎంచుకునేటప్పుడు కాగితాల్లో రాయలేనిదాన్ని గుడ్డ మీద వేసేశారు.

ఆ తేదీ దగ్గర కాస్త ఆగాలి. దానికి రెండు వారాల ముందు, 1992 మే 18న, ఆర్మేనియన్ బలగాలు లాచిన్ పట్టణాన్ని పట్టుకున్నాయి. కరబాఖ్‌కీ ఆర్మేనియాకీ మధ్య ఉన్న ఖాళీ అదే. అంటే జెండా మీద ఆ ఖాళీని గీసేనాటికి నేల మీద దాన్ని తుపాకులతో పూడ్చేశారు. ఆ తర్వాత చుట్టూ ఉన్న జిల్లాలు కూడా పడిపోయాయి. 1994లో కాల్పుల విరమణ అయ్యేసరికి లక్షలమంది అజర్‌బైజానీలు ఇళ్లు వదిలి పారిపోయారు. అగ్దాం అనే పట్టణం గోడలు తప్ప ఏమీ మిగలని శిథిలమైపోయింది. 1992 ఫిబ్రవరిలో ఖోజాలీలో వందలమంది అజర్‌బైజానీ పౌరులు చనిపోయారు. ఆ జెండా అందంలో పడి నేను కొన్నాళ్లు ఈ సంగతులన్నీ ఒకే వాక్యంలో దాటేస్తుండేవాణ్ణి. అగ్దాంలో ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఆ తెల్లమెట్లు ఎలా కనపడి ఉంటాయి? అతనికి అందులో తివాచీ కనపడదు కదా.

జెండా కంటే నాకు రాజచిహ్నం ఎక్కువ ఇష్టం. గద్ద, దాని కాళ్ల దగ్గర ద్రాక్ష, మల్బరీ పళ్లు, గోధుమ కంకులు. ఛాతీ మీద డాలు, డాలులో కొండలు, జెండా, వాటి పైన రెండు రాతిముఖాలు. ఒక ముసలామె, ఒక ముసలాయన. వాళ్లని తాతిక్-పాపిక్ అంటారు. మనం పొరబడతాం గానీ, ఆర్మేనియన్లో తాతిక్ అంటే తాత కాదు, అవ్వ. తాత పాపిక్. సర్గిస్ బగ్దసార్యన్ అనే శిల్పి 1967లో స్తెపానకెర్త్ శివారులో ఎర్రని టఫ్ రాతితో చేసిన శిల్పం అది. అసలు పేరు "మేమే మా కొండలం" అని. రెండు తలలే ఉంటాయి, ఒళ్లు ఉండదు. మిగతా మనిషంతా భూమిలోపల ఉన్నట్టు. సోవియట్ అజర్‌బైజాన్ పాలనలోనే నిలబడ్డ బొమ్మ పాతికేళ్లకి విడిపోయిన రాజ్యానికి ముద్ర అయింది. సింహాలు, చక్రాలు, కత్తులు ఉండాల్సినచోట ఇంట్లో పెద్దవాళ్లని పెట్టుకున్నారు.

ఈ రాతితలలు 2009లో యూరోవిజన్ పాటల పోటీలో గొడవ కూడా తెచ్చాయి. సెమీఫైనల్లో ఆర్మేనియా పాటకి ముందు వేసిన చిన్న వీడియోలో ఈ శిల్పం కనపడింది. అది మా భూభాగం అని అజర్‌బైజాన్ అభ్యంతరం చెప్పింది. ఫైనల్‌కి ఆ ముక్క కత్తిరించారు. ఆర్మేనియా ఊరుకుంటుందా? యెరెవాన్ నుంచి లైవ్‌లో ఓట్లు చదివిన గాయని సిరుషో చేతిలోని అట్టకి వెనకాల అదే శిల్పం ఫొటో, ఆమె వెనక చౌరస్తాలోని తెర మీదా అదే. ఓట్లు చదువుతూ ఆమె ఆ అట్టని మాటిమాటికీ కెమెరాకి చూపించింది. చదివినప్పుడు నవ్వొచ్చింది. ఐఎస్ఓ లిస్టులో చోటు దొరకనివాళ్లు అట్ట వెనకాల చోటు వెతుక్కున్నారు.

మిగతా రాజచిహ్నాలూ సమకూర్చుకున్నారు. తపాలా బిళ్లలు వేశారు. 2004లో సొంత ద్రాం నోట్లు, నాణేలు తెచ్చారు, కానీ బజార్లో చెల్లింది ఆర్మేనియా ద్రామే, ఇవి ఎక్కువగా నాణేలు సేకరించేవాళ్ల డబ్బాల్లోకి పోయాయి. ఫోన్ కోడ్ ఆర్మేనియాది. జెండా ఎమోజీ లేదు. ఎందుకంటే ఫోన్లో జెండా నిజానికి రెండక్షరాలు, ఆ ఐఎస్ఓ కోడే. కొసొవోకి అధికారిక కోడ్ లేకున్నా వాడుకలో ఉన్న ఎక్స్‌కే అన్న అక్షరాలతో నెట్టుకొచ్చింది. ఆర్త్సాఖ్‌కి అదీ లేదు.

ఇక ఆర్మేనియా. 2019 ఆగస్టులో ప్రధాని నికోల్ పషిన్యాన్ స్తెపానకెర్త్ సభలో, ఆర్త్సాఖ్ అంటే ఆర్మేనియానే, అంతే అన్నాడు. మరుసటేడు 44 రోజుల యుద్ధం. అజర్‌బైజాన్ షూషాని గెలుచుకుంది, చుట్టూ ఉన్న జిల్లాలన్నీ తిరిగి తీసుకుంది. వాళ్లకీ ఒక గుర్తుంది: ఖారీ బుల్‌బుల్, షూషా కొండల్లో పూసే ఆర్కిడ్ పువ్వు. గెలుపు తర్వాత అది అక్కడివాళ్ల కోటు బొత్తాల మీదికి ఎక్కింది. వాళ్లకీ అది ఇంటిపువ్వే. యుద్ధం అయ్యాక ఆర్మేనియాకీ కరబాఖ్‌కీ మధ్య లాచిన్ దారి ఒక్కటే మిగిలింది. జెండాలోని గీత మళ్లీ నేల మీదికి వచ్చింది. 2022 డిసెంబర్‌లో ఆ దారి కూడా మూసుకుపోయింది, నెలల తరబడి మందులకీ తిండికీ కటకట. 2023 మేలో పషిన్యాన్, అజర్‌బైజాన్ భూభాగం 86,600 చదరపు కిలోమీటర్లని, అందులో కరబాఖ్ కూడా కలిసే ఉందని, అక్కడి ఆర్మేనియన్ల భద్రతకి హామీ ఉంటే దాన్ని గుర్తిస్తామని చెప్పాడు. ఆ గీత మొన ముప్పై ఏళ్లుగా చూస్తున్నది ఈ దేశం వైపే. పషిన్యాన్‌ని తిట్టడం నాకు తేలికే, హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూచున్నాను కాబట్టి. ఓడిపోయిన చిన్నదేశానికి వేరే దారి ఏముందో నేను చెప్పలేను.

సెప్టెంబర్ 19న అజర్‌బైజాన్ దాడి మొదలైంది, ఒక్క రోజులో అయిపోయింది. తర్వాతి వారం పదిరోజుల్లో లక్షకి పైగా మనుషులు, అంటే దాదాపు అందరూ, లాచిన్ దారిలో కార్లలో, లారీల్లో ఆర్మేనియాకి వెళ్లిపోయారు. 28న ఆర్త్సాఖ్ అధ్యక్షుడు సామ్వెల్ షహ్రమన్యాన్, 2024 జనవరి 1 కల్లా రిపబ్లిక్ సంస్థలన్నీ రద్దవుతాయని ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. అక్టోబర్ 15న ఇల్హామ్ అలీయెవ్ ఆ ఊళ్లో అజర్‌బైజాన్ జెండా ఎగరేశాడు. ఊరు పేరు ఇప్పుడు ఖాన్‌కెందీ.

ఆ వార్తలు చూస్తూ నేను పాత టికెట్ కోసం వెతికాను. మేం అప్పటికే వేరే సిస్టమ్‌కి మారిపోయాం, పాత డేటా లేదు. జెండా బొమ్మ పంపిన మనిషి ఆ కార్ల వరసలో ఉన్నారో లేదో నాకు తెలిసే దారి లేదు.

తర్వాత ఇంకో సంగతి చదివాను. ఆర్త్సాఖ్ వాళ్ల దగ్గర ఉన్నవి ఆర్మేనియా పాస్‌పోర్టులే. అన్నీ అందరివాటిలాగే ఉంటాయి, పాస్‌పోర్టు ఇచ్చిన కార్యాలయం కోడ్ దగ్గర మాత్రం 070 అని ఉంటుంది. సరిహద్దు దాటి వచ్చాక 2023 అక్టోబర్‌లో ఆర్మేనియా ప్రభుత్వం వాళ్లకి శరణార్థులుగా తాత్కాలిక రక్షణ ప్రకటించింది. 070 పాస్‌పోర్టు ప్రయాణ పత్రం మాత్రమే, పౌరసత్వానికి రుజువు కాదు అంది. పౌరసత్వం కావాలనుకునేవాళ్లు విడిగా దరఖాస్తు ఫారం నింపుకోవాలి.